ఒకే కొండకు ఎండా నీడా

గత నెలలో ఒకనాటి సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా ఇంట్లో చిన్న వివాదం నడుస్తోంది. రోజూ ఎర్రగుంట్ల నుంచి బస్సులో ప్రొద్దుటూరు వెళ్లి డిగ్రీ చదువుకుంటున్న మా మనవరాలి మెడలో ఒక కొత్త లాకెట్టు కనిపించింది. వంపు తిరిగిన నల్లని నీటిబొట్టులా ఉంది. దాని నడుమ ఒక తెల్లని చుక్క. ఇలాంటిదే తెల్లని బొట్టు, నల్లని చుక్కతో ఆమె స్నేహితురాలి మెడలో ఉందట. రెండూ కలిపితే నిండు వృత్తం అవుతుందట.

"ఇది ఏ మతం గుర్తో ఏమో! తీసెయ్యి" అని వాళ్ల దాదీ పట్టుబట్టింది. "ఇది స్నేహం గుర్తు దాదీ. యిన్, యాంగ్ అంటారు. అది మాట్లాడుతూనే ఉంటుంది, నేను వింటూనే ఉంటాను. దానికి అన్నీ తొందరే, నాకు అన్నీ ఆలస్యమే. మేమిద్దరం పూర్తిగా వ్యతిరేకం. అందుకే ఒకరిని విడిచి ఒకరం ఉండలేం" అన్నది మా మనవరాలు. తరువాత తీర్పు కోసం నావైపు తిరిగి ఉన్నట్టుండి అడిగింది: "నీకూ బండల దాదా అలాంటివాడే కదా, దాదా? ఇప్పుడు మన ఇంటికి ఎందుకు రావడం లేదు?"

బండల దాదా అంటే నా చిన్ననాటి మిత్రుడు. నాపబండలకు పాలిష్ పట్టే చిన్న కార్ఖానా నడుపుతాడు గనుక పిల్లలు ఆయనకు ఆ పేరు పెట్టుకున్నారు. ఆయన మా గడప తొక్కి అప్పటికి పద్నాలుగు నెలలు. కారణం నాకు తెలుసు. కాని మనవరాలికి చెప్పగలిగిన జవాబు మాత్రం నా దగ్గర లేదు. ఈ నెల శీర్షిక ఆ జవాబు కోసమే.

నీడ వైపు, ఎండ వైపు

ముందు ఆ గుర్తు సంగతి చూద్దాం. యిన్, యాంగ్ అనేవి చైనా భాషలోని అతి ప్రాచీన పదాలు. వాటి తొలి అర్థం చాలా సాదాసీదా అయినది. కొండకు నీడ పడే వైపు యిన్, ఎండ పడే వైపు యాంగ్. క్రమంగా చలి, వేడి, రాత్రి, పగలు, నిదానం, వేగం, మెత్తదనం, గట్టిదనం వంటి జంటలన్నిటికీ ఆ పేర్లు వర్తించాయి. ఈ ఆలోచనలో గమనించవలసిన విషయాలు రెండున్నాయి. ఒకటి, ఈ రెండూ శత్రువులు కావు. ఒకటి లేనిదే రెండవదానికి అర్థం లేదు. రెండు, ఏదీ సంపూర్ణంగా నలుపూ కాదు, సంపూర్ణంగా తెలుపూ కాదు. నలుపులో తెల్లచుక్క, తెలుపులో నల్లచుక్క పెట్టింది ఆ సంగతి చెప్పడానికే.

మన జిల్లావారికి ఇది అర్థం కావడానికి చైనాదాకా వెళ్లనక్కరలేదు. జమ్మలమడుగు దాటి గండికోటకు వెళ్లినవారు ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే పెన్నానది లోయను చూసే ఉంటారు. పొద్దు జరిగేకొద్దీ ఆ రాతిగోడల మీద ఎండా నీడా తావులు మార్చుకుంటూ ఉంటాయి. ఇప్పుడు మిరుమిట్లు గొలిపే రాయి కాసేపటికి చల్లబడుతుంది. ఇప్పుడు నల్లగా ఉన్న చీలిక కాసేపటికి వెలుగుతుంది. కాని కొండ ఒక్కటే, రాయి ఒక్కటే, పైనున్న సూర్యుడూ ఒక్కడే.

చైనాలోని ముస్లిం పండితులు కూడా ఈ పదాలను చూసి బెదరలేదు. 17వ శతాబ్దంలో నాన్జింగ్‌కు చెందిన వాంగ్ దాయ్‌యూ, ఆయన తరువాత లియు జి, ఇస్లాం బోధనలను తమ ప్రజలకు తెలిసిన చైనా భాషలోనే వివరిస్తూ గ్రంథాలు రాశారు. యిన్, యాంగ్ అనే మాటలను వారు వాడుకున్నారు. కాని వాటిని సృష్టికి మూలమని అంగీకరించలేదు. అవి సృష్టిలోని ఒక క్రమం మాత్రమేననీ, ఆ క్రమాన్ని ఏర్పరచినవాడు ఏకైక ప్రభువేననీ స్పష్టం చేశారు. తెలుగులో ధర్మాన్ని చదువుకుంటున్న మనకు వారి పద్ధతి ఆదర్శప్రాయం. మాటను చూసి భయపడకూడదు. అలాగని మాట వెంట కళ్లు మూసుకుని నడవనూ కూడదు.

ఇక అలాంటి గుర్తును మెడలో ధరించవచ్చునా అన్న ప్రశ్నకు తీర్పు చెప్పవలసినవారు ఉలమాలు. ఆ అర్హత నాకు లేదు. ఆ గుర్తు వెనుక ఉన్న ప్రశ్నను గురించి మాత్రం మాట్లాడగలను. స్వభావాలు కలవని ఇద్దరి మధ్య స్నేహం ఎలా నిలుస్తుంది? ఎందుకు నిలవాలి?

జంటలైనవి, జంటలు కానివి

ప్రతి వస్తువునూ జతలుగా సృష్టించానని అల్లాహ్ జారియాత్ సూరాలో తెలియజేశాడు. రాత్రిని విశ్రాంతి కోసం, పగటిని జీవనోపాధి కోసం ఏర్పరచడం తన కారుణ్యంలో భాగమని ఖసస్ సూరాలో గుర్తుచేశాడు. లైల్ సూరా రాత్రి, పగలు, స్త్రీ, పురుషుల సాక్ష్యంతో మొదలై, మనుషుల ప్రయత్నాలు కూడా రకరకాలుగా ఉంటాయని చెబుతుంది. అంటే భిన్నత్వం సృష్టిలోని పొరపాటు కాదు, సృష్టికర్త సంకల్పం. తనలా లేని మనిషిని చూసి "వీడెందుకు ఇలా ఉన్నాడు?" అని విసుక్కునే ముందు ఈ సంగతి జ్ఞాపకం చేసుకోవాలి.

అయితే ఒక హెచ్చరిక అవసరం. రాత్రీ పగలూ జంట. సత్యమూ అసత్యమూ జంట కావు. నిదానస్థుడూ తొందరపాటువాడూ ఒకరికొకరు తోడు కాగలరు; న్యాయమూ అన్యాయమూ ఒకదానికొకటి తోడు కాలేవు. "నేను నమాజు చదువుతాను, వాడు తాగుతాడు, ఇద్దరం కలిస్తే సమానం" అని ఎవరైనా అంటే అది సమతూకం కాదు, మోసం. ప్రళయదినాన దుర్మార్గుడు తన చేతులు కొరుక్కుంటూ, ఫలానావాణ్ణి స్నేహితునిగా చేసుకోకపోయి ఉంటే ఎంత బాగుండేదని విలపిస్తాడని ఫుర్ఖాన్ సూరా వర్ణిస్తుంది. ఆనాడు దైవభీతిపరులు తప్ప తక్కిన స్నేహితులందరూ ఒకరికొకరు శత్రువులైపోతారని జుఖ్రుఫ్ సూరా హెచ్చరిస్తుంది. కాబట్టి స్నేహితుల స్వభావాలు వేరైనా ఫర్వాలేదు, గమ్యం మాత్రం ఒకటి కావాలి. ఎండ వైపూ నీడ వైపూ ఒకే కొండకు ఉండాలి.

రెండు స్వరాలు

ఈ విషయానికి మన చరిత్రలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ల స్నేహాన్ని మించిన ఉదాహరణ లేదు. ఒకరు మృదుస్వభావులు, ఖుర్ఆన్ పఠిస్తుంటే కన్నీరు ఆగనివారు. మరొకరు గంభీరులు, ఎదుట నిలబడి మాట్లాడటానికే జనం జంకేవారు.

ఒక రాత్రి దైవప్రవక్త (స) బయటికి వచ్చినప్పుడు ఆ ఇద్దరూ వేర్వేరు చోట్ల నమాజులో ఉన్నారు. అబూబక్ర్ (రజి) చాలా సన్నని స్వరంతో, ఉమర్ (రజి) బిగ్గరగా పఠిస్తున్నారు. తరువాత ప్రవక్త (స) ఇద్దరినీ కారణం అడిగారు. తాను ఎవరితో మొరపెట్టుకుంటున్నానో ఆయనకు వినిపిస్తే చాలునని అబూబక్ర్ (రజి) విన్నవించారు. నిద్రమత్తులో ఉన్నవారిని మేల్కొలిపేందుకు, షైతానును తరిమేందుకు బిగ్గరగా చదివానని ఉమర్ (రజి) అన్నారు. రెండు కారణాలూ మంచివే. ప్రవక్త (స) ఎవరినీ తప్పుపట్టలేదు. అబూబక్ర్‌ను స్వరం కొద్దిగా పెంచమన్నారు, ఉమర్‌ను కొద్దిగా తగ్గించమన్నారు.

ఈ హదీసులోని "కొద్దిగా" అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. అబూబక్ర్‌ను ఉమర్‌లా మారమని ప్రవక్త (స) చెప్పలేదు. ఉమర్‌ను అబూబక్ర్‌లా ఉండమనీ చెప్పలేదు. ఎవరి స్వరం వారిదే. ఒకరి వైపు ఒకరు ఒక్క అడుగు జరిగితే చాలు. మనలో చాలా స్నేహాలు ఎక్కడ చెడుతున్నాయంటే, ఎదుటివాడు పూర్తిగా మనలా మారాలని కోరుకునే చోట, లేదా మనం ఒక్క అడుగైనా జరగనని భీష్మించుకున్న చోట.

మెత్తనివారిలోని గట్టిదనం

నలుపులో తెల్లచుక్క, తెలుపులో నల్లచుక్క అన్న సంగతి కూడా ఈ ఇద్దరి జీవితాల్లో కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. హిజ్రీ 11వ సంవత్సరంలో దైవప్రవక్త (స) పరమపదించినప్పుడు, అంతటి ధీరుడైన ఉమర్ (రజి) ఆ వార్తను నమ్మలేకపోయారు. ప్రవక్త మరణించారన్నవారిని హెచ్చరిస్తూ నిలబడ్డారు. అప్పుడు మెత్తనివారుగా పేరుపడ్డ అబూబక్ర్ (రజి) వచ్చి, ప్రవక్త (స) నుదుటిని ముద్దాడి, జనం ముందు నిలిచి, ఆలి ఇమ్రాన్ సూరాలోని వాక్యాన్ని చదివి వినిపించారు. ఆ వాక్యం వినగానే ఉమర్ (రజి) కాళ్లు తేలిపోయి నేలకు ఒరిగారు.

ఆ తరువాత కొన్ని తెగలు జకాత్ చెల్లించబోమని మొండికేశాయి. అప్పుడు మెతకవైఖరి చూపుదామన్నవారు ఉమర్ (రజి)! కలిమా పలికినవారితో ఎలా పోరాడతామని ఆయన సందేహించారు. నమాజుకూ జకాతుకూ భేదం చూపేవారిని ఉపేక్షించేది లేదని కొండలా నిలబడినవారు అబూబక్ర్ (రజి). చివరికి అదే సరియైన మార్గమని ఉమర్ (రజి) గ్రహించారు. మరికొంత కాలానికి యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు అనేకులు అమరులైనప్పుడు, ఖుర్ఆన్‌ను ఒకచోట గ్రంథస్థం చేయించాలని పట్టుబట్టినవారు ఉమర్ (రజి). ప్రవక్త (స) చేయని పని తానెలా చేయగలనని మొదట వెనుకాడినవారు అబూబక్ర్ (రజి). ఉమర్ (రజి) విడవకుండా చెప్పగా చెప్పగా ఆయన హృదయం అంగీకరించింది. ఒకసారి ఒకరు, మరోసారి మరొకరు. ఎవరి బలం ఎప్పుడు అవసరమో అప్పుడు రెండవవారు వినయంతో పక్కకు జరిగారు.

మరి వారి మధ్య మనస్పర్థలే రాలేదా? వచ్చాయి. ఒకసారి మాటా మాటా పెరిగింది. అబూబక్ర్ (రజి) వెంటనే పశ్చాత్తాపపడి క్షమించమని కోరారు. ఉమర్ (రజి) అంగీకరించలేదు. అబూబక్ర్ (రజి) ప్రవక్త (స) సన్నిధికి వెళ్లారు. ఇంతలో ఉమర్‌కూ మనసు కలుక్కుమంది. అబూబక్ర్ ఇంటికి వెళ్లి, అక్కడ లేరని తెలుసుకుని ఆయనా ప్రవక్త (స) వద్దకే వచ్చారు. ఉమర్‌ను చూడగానే ప్రవక్త (స) ముఖంలో అసంతృప్తి గోచరించింది. అప్పుడు అబూబక్ర్ (రజి) ఏం చేశారో చూడండి. మోకాళ్లపై కూర్చుని, ఎక్కువ తప్పు నాదేనని తన మిత్రుని తరఫున మొరపెట్టుకున్నారు. న్యాయం తనవైపు మొగ్గుతున్న క్షణంలో స్నేహితుణ్ణి కాపాడినవాడే స్నేహితుడు.

ఇంటి తలుపు తట్టిన మిత్రుడు

కుటుంబాలు చదివే పత్రికలో మరొక స్నేహాన్ని తప్పక చెప్పుకోవాలి. మదీనాలో ప్రవక్త (స) సల్మాన్ ఫారసీ (రజి)కీ అబూదర్దా (రజి)కీ సోదరబంధం కలిపారు. ఒకనాడు సల్మాన్ (రజి) మిత్రుని ఇంటికి వెళితే, అబూదర్దా సతీమణి ఏ అలంకరణా లేకుండా వెలవెలబోతూ కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ ప్రపంచంతో పనిలేదని ఆమె చెప్పారు. అబూదర్దా (రజి) పగలంతా నఫిల్ ఉపవాసాలు, రాత్రంతా నమాజులతో గడిపేవారు.

సల్మాన్ (రజి) ఉపన్యాసం ఇవ్వలేదు. నువ్వు తింటే తప్ప నేను తిననని పట్టుబట్టి ఉపవాసం విరమింపజేశారు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. చివరి జాములో లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు నీపై హక్కు ఉంది, నీ దేహానికీ ఉంది, నీ ఇంటివారికీ ఉంది; ఎవరి హక్కు వారికి ఇవ్వమని అప్పుడు హితవు చెప్పారు. ఈ సంగతి విన్న ప్రవక్త (స), సల్మాన్ చెప్పింది నిజమన్నారు.

ఇక్కడ ఒకరు ఆరాధనలో మునిగినవారు, మరొకరు దేశదేశాలు తిరిగి జీవితాన్ని చూసినవారు. ఆ ఇంటి ఇల్లాలి వెలితిని భర్త గమనించలేదు, భర్త మిత్రుడు గమనించాడు. మనకు మన వీపు కనిపించదు కదా! అందుకే విశ్వాసి విశ్వాసికి అద్దం వంటివాడని హదీసు చెబుతుంది. మనలాగే ఆలోచించేవాడు మనకు అద్దం కాలేడు. అతనికీ మనలాగే ముందుభాగమే కనిపిస్తుంది.

తెలుగునాట జంటపేర్లు

మన తెలుగునేల కూడా ఇలాంటి జంటలను ఎరుగును. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) అనే ఇద్దరు పండితులు తిరుపతి వేంకటకవులన్న ఒక్క పేరుతో ప్రసిద్ధికెక్కారు. వాదప్రతివాదాలలో తిరుపతిశాస్త్రి ముందుంటే, శిష్యులకు విద్య చెప్పే బాధ్యత వేంకటశాస్త్రి చూసుకునేవారని చెబుతారు. మిత్రుడు గతించిన తరువాత మూడు దశాబ్దాలు జీవించిన వేంకటశాస్త్రి, తన రచనలను ఇద్దరి పేరుతోనే ప్రకటిస్తూ వచ్చారు. మన ప్రొద్దుటూరులో దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటకవులుగా కలిసి అవధానాలు చేశారు. తరువాత ఎవరి కావ్యం వారు రచించారు. బాపు (1933–2014) గీస్తే ముళ్లపూడి వెంకటరమణ (1931–2011) రాశారు. ఆ రెండు పేర్లనూ విడదీసి పలకడం తెలుగువారికి ఈనాటికీ అలవాటు కాలేదు. ఒకరి చేతిలో లేనిది మరొకరి చేతిలో ఉండటం వల్లనే ఆ జంటలు నిలిచాయి.

నిప్పూ నీరూ

మా ఎర్రగుంట్ల, చిలంకూరు ప్రాంతాలవారికి సిమెంటు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. మా నేలలోని సున్నపురాయిని పొడిచేసి దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ మంటలో అది గట్టి ఉండలుగా మారుతుంది. దాన్ని క్లింకర్ అంటారు. కొద్దిపాటి జిప్సం కలిపి మెత్తగా నూరితే సిమెంటు తయారవుతుంది. అంత మంటలో కాలిన సిమెంటు కూడా నీరు తగలనంతవరకు వట్టి పొడే. నీరు కలిస్తేనే గట్టిపడుతుంది. గోడ కట్టిన తరువాత కూడా కొన్ని రోజులు నీళ్లు పట్టకపోతే పగుళ్లు వస్తాయని మా మేస్త్రీలు చెబుతుంటారు. ఇక ఆ కొద్దిపాటి జిప్సం ఎందుకంటే, నీరు తగలగానే సిమెంటు అప్పటికప్పుడు బిగుసుకుపోకుండా ఉండటానికి. అది లేకపోతే మేస్త్రీ తాపీ ఆడించేలోపే అంతా రాయి అవుతుంది.

మా స్నేహంలో నిప్పు నా మిత్రుడు, నీరు నేను. ఆయన మాట సూటి. నాది నాలుగు వీధులు తిరిగి వచ్చే మాట. ఆయన నిర్ణయం తీసుకున్నాక ఆలోచిస్తాడు. నేను ఆలోచిస్తూ ఆలోచిస్తూ నిర్ణయాన్ని మరిచిపోతాను. నేను ఉపాధ్యాయ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది ఆయన బలవంతం మీదనే. ఆయన ఆవేశంతో కార్ఖానా అమ్మేయబోతే ఆపింది నేనే. నలభై ఏళ్లు ఇలాగే గడిచాయి.

పద్నాలుగు నెలలు

మా చిన్నమ్మాయి నికాహ్ నిశ్చయమైనప్పుడు ఘనంగా చేయాలన్న కోరిక నాలో పుట్టింది. బంధువులు ఏమనుకుంటారో అన్న భయమూ ఉంది. చేతిలో ఉన్నది చాలక వడ్డీకి అప్పు తేవడానికి సిద్ధపడ్డాను. పదిమంది పెద్దలు మా ఇంట్లో కూర్చుని ఖర్చుల లెక్క చూస్తున్నప్పుడు ఈ సంగతి బయటపడింది. నా మిత్రుడు అందరి ముందూ అన్నాడు: "ఏంరా, వడ్డీకి తెచ్చి ఎనిమిది వందల మందికి బిర్యానీ పెట్టకపోతే నికాహ్ కాదా? పిల్లకు పెళ్లి చేస్తున్నావా, నీ పేరుకు చేస్తున్నావా?"

గది నిశ్శబ్దమైపోయింది. "నా ఇంటి సంగతి నాకు తెలుసు" అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు. నికాహ్ రోజు వచ్చాడు. మస్జిదులో వెనుక వరుసలో కూర్చుని, దుఆ చేసి, భోజనానికి ఆగకుండా వెళ్లాడు. ఆ తరువాత రెండుసార్లు మస్జిదు దగ్గర ఎదురై తానే సలాం చేశాడు. నేను పెదవులతో జవాబు చెప్పి ముఖం తిప్పుకున్నాను. పండుగ వచ్చింది, ఆయన కనబడతాడని మరో మస్జిదుకు వెళ్లాను. ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానడం ధర్మసమ్మతం కాదనీ, ఎడమొహం పెట్టుకున్న ఇద్దరిలో ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడనీ ప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును ఇదే శీర్షికలో ఒకప్పుడు నేను వివరించాను. పాఠకులు ఉత్తరాలు రాసి మెచ్చుకున్నారు కూడా. ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

ఆయన చెప్పింది నిజమని నాకు ఆనాడే తెలుసు. వడ్డీ ఎంత ఘోరమైన పాపమో తెలియక కాదు. కాదనే ధైర్యం లేక. మెత్తదనమని నేను మురిసిపోయిన నా గుణం ఆ రోజు పిరికితనంగా తేలింది. నా చుట్టూ ఉన్నవారంతా నాలాంటి మెత్తనివారే, "సరే సరే" అన్నవారే. ఆగమన్నవాడు ఆయన ఒక్కడే. ఆ చిటికెడు జిప్సాన్నే నేను బయటికి నెట్టేశాను.

మనవరాలు ప్రశ్న అడిగిన మర్నాడు అసర్ నమాజు తరువాత కార్ఖానాకు వెళ్లాను. యంత్రం కింద బండ తిరుగుతోంది, దానిమీద నీళ్లు పడుతున్నాయి. గడప దగ్గరే నిలబడి సలాం చేశాను. ఆయన యంత్రం ఆపి, చేతులు తుడుచుకుంటూ చూశాడు. "వ అలైకుముస్సలాం. మా కార్ఖానాకు దారి కనుక్కోవడానికి పద్నాలుగు నెలలు పట్టిందేంరా?" అన్నాడు. నేను చెప్పదలచుకున్న మాటలు గొంతులోనే ఆగిపోయాయి. "నువ్వు నిజం చెప్పావు, నేను వినలేదు" అని మాత్రం అనగలిగాను. ఆయన కాసేపు ఊరకుండి, "చెప్పింది నిజమే. పదిమందిలో చెప్పడం నా తప్పు. నిన్ను పక్కకు పిలిచి చెప్పి ఉండాల్సింది" అన్నాడు. నలభై ఏళ్లలో ఆయన తన తప్పును ఒప్పుకోవడం నేను మొదటిసారి విన్నాను. ఆయన తన స్వరం కొద్దిగా తగ్గించాడు. నేను నా స్వరం కొద్దిగా పెంచాను.

మాటలతో ఆగిపోలేదు. అప్పు ఇంకా ఎంత మిగిలిందని అడిగి, ఒక పాత రసీదు వెనుక లెక్క వేయించాడు. ఊరి బయట నాకున్న మూడు సెంట్ల స్థలం అమ్మి ముందు ఆ వడ్డీ ఊబిలోంచి బయటపడమన్నాడు. మనవడి పేరిట ఇల్లు కడదామని దాచుకున్న స్థలమది. నేను నసిగాను. "పాపం మీద కట్టిన ఇల్లు వానికెందుకురా?" అన్నాడు. అమ్మకానికి పెట్టాను. అల్హందులిల్లాహ్, బేరం కుదిరింది.

లేచి వస్తుంటే తన కష్టం చెప్పుకున్నాడు. పెద్దకొడుకు తండ్రి మాటల కటువు భరించలేక హైదరాబాదు వెళ్లిపోయాడట. ఫోను చేస్తే తీయడట. "నేను మాట్లాడితే ఇంకా చెడుతుంది. నువ్వొకసారి మాట్లాడు" అన్నాడు. ఆ రాత్రి ఆ అబ్బాయికి ఫోను చేశాను. గంటసేపు వాడు చెప్పింది విన్నాను. పెద్దగా ఏమీ చెప్పలేదు. వినడం నాకు చేతనైన పని. ఆ పద్నాలుగు నెలలూ నా మిత్రుని ఇంట్లో ఆ పని చేసేవాడు లేకపోయాడని అప్పుడు తెలిసింది. స్నేహాన్ని తెంచుకుని నేను నష్టపోయానని మాత్రమే అనుకున్నాను; ఒక తండ్రి, ఒక కొడుకు కూడా నష్టపోయారు.

ఇంటి పెద్దలకు ఒక మనవి

పిల్లలు తమవంటి పిల్లలతోనే తిరగాలని మనం కోరుకుంటాం. అణకువ గల అమ్మాయికి గలగల మాట్లాడే నేస్తం దొరికితే కంగారుపడతాం. నడవడిని గురించి, దైవభీతిని గురించి తప్పక విచారించండి. స్నేహితుని ధర్మమే మనిషి ధర్మం అవుతుంది గనుక ఎవరితో స్నేహం చేస్తున్నామో చూసుకోవాలని ప్రవక్త (స) హెచ్చరించారు. కాని స్వభావం వేరైనంత మాత్రాన ఆ స్నేహాన్ని తుంచకండి. జంకే పిల్లకు ధైర్యం, దూకుడు పిల్లకు నిదానం సాధారణంగా అలాంటి నేస్తం నుంచే అబ్బుతాయి.

మీ మిత్రుడు ఒక చేదుమాట చెప్పినప్పుడు, అది ఎలా చెప్పాడన్నది పక్కనపెట్టి, ఏం చెప్పాడో ఒకసారి ఒంటరిగా ఆలోచించండి. మీరు చెప్పవలసివస్తే ఏం చెప్పాలన్నదానితోపాటు ఎక్కడ చెప్పాలో కూడా ఆలోచించండి. అన్యాయం చేస్తున్న సోదరుణ్ణి ఆపడమే అతనికి సహాయమని హదీసు బోధిస్తుంది. ఆపేవాడికి ఓర్పు, ఆగేవాడికి వినయం ఉండాలి.

పోయిన శుక్రవారం నా మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని వచ్చీరాగానే మా ఆవిడతో గొడవ పెట్టుకున్నాడు. "బండల దాదా వచ్చాడు!" అని మనవరాలు పరుగెత్తుకొచ్చింది. లాకెట్టు సంగతి మస్జిదు ఇమాం గారిని అడుగుతామని దాదీ మనవరాళ్లు ఒప్పందానికి వచ్చారు. దాని అర్థం మాత్రం ఆ సాయంత్రం ఇద్దరికీ కనిపించిందనుకుంటాను.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ మాటలు చదువుతుండగా మీ మనసులో ఎవరి ముఖమైనా మెదిలితే, రేపటిదాకా ఆగకండి. ఒక సలాం చాలు. అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! మనలోని మెత్తదనాన్ని పిరికితనం కాకుండా, గట్టిదనాన్ని కఠినత్వం కాకుండా కాపాడుగాక! తీర్పుదినాన శత్రువులుగా కాక మిత్రులుగానే మిగిలే స్నేహాలను మనకు ప్రసాదించుగాక! ఆమీన్.